రాస్ దొర చూడని గుమ్మం

ఈసారి రాత కాస్త పొడుగైంది. వీలున్నప్పుడు నిదానంగా చదవండి.

పోయిన నెల మన సమావేశంలో రక్తపరీక్షల శిబిరం పెడదామన్న మాట వచ్చింది. మలేరియాకీ, సికిల్ సెల్‌కీ ఒకే రోజు పరీక్ష చేయిద్దామని మన కుర్రవాళ్లు అడిగారు. దానికి రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒక మావయ్యగారు, "మూడు తరాలుగా ఈ కొండల్లో ఉన్నాం. మన్యపు జ్వరం మన రక్తానికి అలవాటైపోయింది. ఇప్పుడు కొత్తగా పరీక్షలేమిటర్రా?" అన్నారు. ఒక పిన్నిగారు లేచి, "సికిల్ అని చీటీ మీద రాసిచ్చారంటే రేపు ఆ పిల్లకి సంబంధం ఎవరు తెస్తారు?" అని అడిగారు. ఆ రోజు మేం ఇద్దరికీ సరైన జవాబు చెప్పలేకపోయాం. శిబిరం వాయిదా పడింది.

తర్వాత మేం నలుగురం కూర్చుని, దొరికినవి చదివి, డాక్టరు చదువు చదువుతున్న మన పిల్లల్ని అడిగి తెలుసుకున్నాం. చదివిన కొద్దీ తెలిసిందేమంటే, ఆ ఇద్దరు పెద్దలూ అడిగినది ఒకే విషయం. మలేరియా పురుగు మన ఎర్ర రక్తకణంలోకి ఎలా దూరుతుంది, ఎవరి రక్తంలో దూరలేకపోతుంది అన్నదే ఆ విషయం. దాని చరిత్ర చెబితే ఇద్దరికీ జవాబు చెప్పినట్టవుతుందని ఇది రాస్తున్నాం.

మన ఇళ్లల్లో ఈ జ్వరానికి ఉన్న పేర్లు మీకు తెలిసినవే. చలిజ్వరం, మన్యపు జ్వరం, మన ఒడియా ఇరుగుపొరుగు నోట పాలా జ్వరం. మన తాతల కాలంలో జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాకే ఇది కోరాపుట్ జిల్లా అయింది. గుమస్తాలుగా, మేస్టర్లుగా, వర్తకులుగా కింద మైదానం నుంచి వచ్చినవాళ్లు మనవాళ్లు. కొండెక్కిన మొదటి వర్షాకాలంలోనే మంచం పట్టడం, మరీ చంటిపిల్లల్ని పోగొట్టుకోవడం చాలా ఇళ్లల్లో ఉన్న కథే. నీళ్లు పడలేదని అనుకునేవారు. 1914లోనే పెర్రీ అనే డాక్టరు ఈ జయపురం కొండ ప్రాంతపు మలేరియా మీద వివరంగా నివేదిక ప్రచురించారు. రాయపూర్ నుంచి విజయనగరం దాకా 1931లో పూర్తయిన రైలుమార్గం ఈ అడవుల మీదుగానే వెళ్లింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తరఫున మలేరియా నిపుణుడు సీనియర్-వైట్ ఈ కొండల్లో తిరిగి దోమల మీద పరిశోధన చేశారు. ఒక రైల్వే కంపెనీ మలేరియా కోసమే ఒక నిపుణుణ్ణి పెట్టుకుందంటే ఆ జ్వరం ఎంత దెబ్బ తీసేదో ఊహించుకోవచ్చు.

ఇక ఆ పురుగు సంగతి. 1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ ఊరి సైనిక ఆసుపత్రిలో, లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు జ్వరంతో ఉన్న ఒక సిపాయి రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అందులో కొరడాల్లాంటి తోకలు ఆడిస్తూ కదులుతున్న జీవి కనిపించింది. అప్పటిదాకా చెడుగాలి వల్లే ఈ జ్వరం వస్తుందని లోకం అనుకునేది. మలేరియా అన్న మాటకు అర్థం కూడా అదే. ఐదారేళ్ల తర్వాత ఇటలీలో గోల్జీ ఇంకో ముఖ్యమైన సంగతి పట్టుకున్నారు. రోగికి వణుకు మొదలయ్యే సమయమూ, ఎర్రకణాలు పగిలి పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చే సమయమూ ఒకటేనని ఆయన చూశారు. దినం విడిచి దినం జ్వరం ఎందుకొస్తుందో అప్పుడు తేలింది. కణంలో దూరిన పురుగు ఎదిగి, పిల్లలై, కణాన్ని పగలగొట్టుకుని రావడానికి 48 గంటలు పడుతుంది. మూడో రోజు వచ్చే వణుకు ఆ పగిలిన కణాల లెక్కే.

రాస్ దొర కథ తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పురుగును చూశారు. కుట్టిన ఒక్కో దోమకూ హుసేన్ ఖాన్‌కు ఒక అణా ముట్టింది. అదే ఏడాది ఆ ముందు ఊటీ వెళ్లినప్పుడు సిగూరు లోయలో రాస్‌కు కూడా మలేరియా వచ్చింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పురుగు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడాన్ని చూపించారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలోని ఆ భవనాన్ని మనలో చాలామంది చూశారు కూడా.

అయితే మనం చదువుకున్న కథ అక్కడితో ఆగిపోతుంది. దోమ కుట్టింది, జ్వరం వచ్చింది, అంతే. దోమ నోటి నుంచి బయలుదేరిన పురుగు ఎర్రకణంలోకి ఎలా చేరిందో రాస్‌కు తెలియదు. అది తెలియడానికి ఇంకో 78 ఏళ్లు పట్టింది.

మధ్యలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. 1903లో షాడిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, దోమ నుంచి వచ్చిన పురుగు నేరుగా ఎర్రకణంలోకి దూరడం తన కళ్లతో చూశానని ప్రకటించారు. ఆయన చాలా పేరున్న మనిషి. సిఫిలిస్ క్రిమిని కనిపెట్టినవారిలో ఒకరు. అందుకే ఆ మాట దశాబ్దాల పాటు చెల్లుబాటైంది. కాని ఇంకెవరు ప్రయత్నించినా అది కనపడలేదు. పైగా దోమ కుట్టాక వారం పది రోజుల పాటు రోగి రక్తంలో పురుగు జాడే ఉండదు. నేరుగా రక్తకణంలో దూరేదైతే ఆ రోజులన్నీ ఎక్కడ దాక్కున్నట్టు? 1948లో దీనికి జవాబు దొరికింది. ఇండియన్ మెడికల్ సర్వీసులో ఏళ్ల తరబడి మన దేశంలో పనిచేసిన షార్ట్, ఆయనతో పాటు గార్న్‌హామ్ కలిసి, పురుగు ముందు కాలేయంలో దాక్కుంటుందని చూపించారు. అక్కడ ఒక్కో పురుగు వేల సంఖ్యలో పిల్లలవుతుంది. కాలేయం నుంచి బయటపడే ఆ పిల్లలే ఎర్రకణాల మీద పడతాయి. వాటిని మెరోజోయిట్లు అంటారు. దోమ తెచ్చిన రూపం వేరు, ఎర్రకణంలో దూరే రూపం వేరు. షాడిన్ చూశానన్నది అసలు జరగనే జరగదు.

పేరున్నవారు చూశామన్నా మళ్లీ పరీక్షించి చూడాలని దీన్నుంచి మేం నేర్చుకున్నాం. మనకు అలవాటైపోయిందన్న మాటకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఆ దూరడాన్ని నిజంగా చూడటానికి తోవ వేసింది ఒక కోతుల మలేరియా. 1930ల మొదట్లో కలకత్తాకు వచ్చిన ఒక కోతి రక్తంలో కొత్తరకం పురుగు కనపడింది. కలకత్తా ఉష్ణమండల వైద్యశాలలో రాబర్ట్ నోల్స్, బిరాజ్ మోహన్ దాస్ గుప్తా దాన్ని పరిశోధించి 1932లో వివరాలు ప్రచురించారు. నోల్స్ పేరు మీదే దానికి నోల్సీ అని పేరు పెట్టారు. ఈ నోల్సీ పురుగు పిల్లలు మిగతా రకాల వాటికంటే కాస్త పెద్దవి, బయట కాస్త ఎక్కువసేపు బతుకుతాయి. అందుకే 1975లో అమెరికాలో డ్వొరాక్, లూయిస్ మిల్లర్, మరికొందరు కలిసి వాటిని బతికున్న ఎర్రకణాల పక్కన వదిలి, మైక్రోస్కోపుకు వీడియో కెమెరా బిగించి చిత్రం తీయగలిగారు. పురుగు కణంలో దూరడాన్ని మనిషి మొదటిసారి స్పష్టంగా చూసింది అప్పుడే.

వాళ్లు చూసినదీ, తర్వాతివాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులతో పూరించినదీ కలిపి మాకు అర్థమైనంత మేర చెబుతాం.

ఎర్రకణం ఏడెనిమిది మైక్రోమీటర్ల బిళ్ల. పురుగు పిల్ల ఒకటి, ఒకటిన్నర మైక్రోమీటర్లే. ముందు అది ఎలా పడితే అలా కణానికి అంటుకుంటుంది. అంటుకున్న చోట కణం పొర ముడతలు పడి కదులుతుంది. ఆ కదలికలో పురుగు తిరిగి, తన మొనను కణం వైపు పెట్టుకుంటుంది. దాని అసలు సరంజామా అంతా ఆ మొనలోనే ఉంటుంది. చిన్నచిన్న సంచుల్లో రకరకాల ప్రొటీన్లు దాచుకుని వస్తుంది. వాటిలో కొన్నిటిని కణం పొరలోకి గుచ్చుతుంది. తర్వాత ఆ గుచ్చినవాటినే తన ఒంటి మీది ప్రొటీన్లతో పట్టుకుంటుంది. అంటే ఎక్కవలసిన గోడకు కొక్కెం కూడా దొంగే తెచ్చి బిగించి, దాన్నే పట్టుకుని లోపలికి దిగుతాడన్నమాట. ఈ సంగతి 2011 ప్రాంతంలో స్పష్టంగా తేలింది.

ఆ పట్టు దొరికాక పురుగు తన సొంత కండబలంతో ముందుకు తోసుకుంటుంది. ఎర్రకణం దాన్ని మింగదు. దేన్నీ మింగే ఏర్పాటు దానికి లేదు. పురుగు తోసుకుపోతున్న కొద్దీ కణం పొర లోపలికి సొట్టపడుతుంది. చివరికి ఆ పొర పురుగు చుట్టూ సంచిలా మూసుకుపోతుంది. కణం చిట్లదు, కారదు. ఈ పని మొత్తానికి ఒక నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత కణం కాసేపు ముళ్లు లేచినట్టై, కొన్ని నిమిషాల్లో మళ్లీ మామూలుగా కనిపిస్తుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ జరిగేది అచ్చంగా అదే. ఎర్రకణానికి కేంద్రకం లేదు. లోపల శత్రువు చేరాడని బయటికి చూపించే సాధనమూ లేదు. అందుకే ఒంట్లోని కావలి కణాలకు లోపలి దొంగను గుర్తుపట్టడం కష్టం. ఫాల్సిపారం రకమైతే 48 గంటల్లో ఒక్కటి 16 నుంచి 32 దాకా అవుతుంది. మళ్లీ బయటపడ్డ ఒక్కొక్కటీ ఇంకో కణం వెతుక్కుంటుంది. బయట ఉండే ఆ కొద్ది సేపే పురుగుకు ప్రమాదం. మన ఒంటికి దాన్ని తేలిగ్గా పట్టుకునే అవకాశం కూడా ఆ కొద్ది సేపే.

ఇప్పుడు మావయ్యగారి మాటకు వద్దాం. దూరాలంటే పట్టు కావాలి. కణం పొర మీద పురుగు మొదట పట్టుకునేదే లేకపోతే? అలాంటి రక్తం నిజంగానే ఉంది. 1950లో ఇంగ్లండులో, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న డఫీ అనే రోగి వల్ల ఒక కొత్త రక్తవర్గం బయటపడింది. దానికి ఆయన పేరే పెట్టారు. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు అందరి ఎర్రకణాల మీదా ఈ డఫీ గుర్తు ఉండదు. 1975లో మిల్లర్ బృందం నోల్సీ పురుగును డఫీ లేని కణాల పక్కన వదిలితే, అది అంటుకుంది, తిరిగింది, కాని దూరలేకపోయింది. మరుసటి ఏడాదే ఇంకో సంగతి ప్రచురించారు. అంతకుముందు వైవాక్స్ మలేరియా ఎక్కించినా జ్వరం రాని మనుషుల రక్తం తీసి చూస్తే, వారంతా డఫీ గుర్తు లేనివారే. పశ్చిమ ఆఫ్రికాలో వైవాక్స్ ఎందుకంత అరుదో దాంతో తేలింది. ఆ డఫీ పట్టును పురుగు ఏ ప్రొటీనుతో అందుకుంటుందన్న పరిశోధనలో మన దేశపు శాస్త్రవేత్త చేతన్ చిట్నిస్ పాత్ర పెద్దది. మిల్లర్ దగ్గర పనిచేసి, తర్వాత ఢిల్లీలో ఆ ప్రొటీనుతో టీకా తయారీకి పూనుకున్నారు.

కాబట్టి మలేరియాను గుమ్మంలోనే ఆపే రక్తం ఉన్నమాట నిజం. అయితే అది మనది కాదు. మన దేశంలో డఫీ లేని రక్తం చాలా అరుదు. వైవాక్స్ మన దేశమంతటా ఉండటమే దానికి సాక్ష్యం. పైగా ఒడిశా కొండల్లో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం. దానికి డఫీతో పనే లేదు. దానికి చాలా పట్లున్నాయి. ఒకటి అందకపోతే ఇంకోటి పట్టుకుంటుంది. ప్రతి మనిషి రక్తంలోనూ అది తప్పనిసరిగా పట్టుకునే ఒక పట్టును 2011లో కేంబ్రిడ్జి దగ్గరి శాంగర్ సంస్థవారు కనిపెట్టారు. దాని పేరు బేసిజిన్. పురుగు వైపు నుంచి దాన్ని అందుకునే ప్రొటీనుతో ఇప్పుడు ఆఫ్రికాలో కొత్త టీకా పరీక్షలు జరుగుతున్నాయి.

మరి పెద్దవాళ్లకు పిల్లలంత తీవ్రంగా రాదు కదా అంటారా? నిజమే. చిన్నప్పటి నుంచి పదేపదే జ్వరపడి బతికి బయటపడినవారికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. కాని అది పూర్తి రక్షణ కాదు, పిల్లలకు సంక్రమించే ఆస్తి కూడా కాదు. ఊరు విడిచి కొన్నేళ్లు బయట ఉంటే తగ్గిపోతుంది. బెంగుళూరులోనో పూనాలోనో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి వచ్చే మన పిల్లలకు అది ఉంటుందని నమ్మకం లేదు. గర్భిణులకు, చంటిపిల్లలకు ప్రమాదం ఎక్కువ. అంతేకాదు, జ్వరం రాకుండానే ఒంట్లో పురుగు ఉండే మనుషులుంటారు. వాళ్ల నుంచే దోమ మళ్లీ పదిమందికి మోసుకుపోతుంది. మావయ్యగారూ, అలవాటైపోయింది అంటే కొన్నిసార్లు అర్థం అదే.

ఇక పిన్నిగారి ప్రశ్న. ఎర్రకణపు గుమ్మం మూయకుండా, దూరిన దొంగను లోపల బతకనివ్వని రక్తం ఇంకోటి ఉంది. అదే సికిల్. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ జన్యువు వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. పైగా ఫాల్సిపారం ప్రాణాంతకం కాకుండా అది చాలావరకు కాపాడుతుంది. పురుగు దూరినా ఆ కణంలో సరిగ్గా ఎదగలేదు. దాన్ని 1954లో ఆఫ్రికాలో ఆలిసన్ అనే డాక్టరు రుజువు చేశారు. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం అది జబ్బు. కణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఆ బిడ్డకు మలేరియా వస్తే ఇంకా ప్రమాదం.

మన దక్షిణాదిలో సికిల్ ఉందని 1952లో నీలగిరుల్లో మొదట చూపినవారు లేమన్, మేరీ కట్‌బుష్. రెండేళ్ల ముందు డఫీ రక్తవర్గాన్ని కనుగొన్న బృందంలో ఉన్నది ఆ కట్‌బుష్ గారే. గుమ్మం కథా, లోపలి కథా ఒకే మనిషి చేతుల మీదుగా నడిచాయి.

మలేరియా ఉన్న చోట్ల ఇలాంటి రక్తదోషాలు ఎందుకు నిలిచిపోయాయో 1949లోనే ఊహించి రాసినవారు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన రాసింది తలసీమియా గురించి. ఒక కాపీ ఉన్నవారిని మలేరియా నుంచి కాపాడుతుంది గనుకే ఆ జన్యువు తరాల పాటు బతికిందన్నారు. ఆ మహానుభావుడు 1957లో ఇంగ్లండు విడిచి మన దేశానికి వచ్చి, చివరికి మన భువనేశ్వర్‌లో స్థిరపడి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. హాల్డేన్ కోరిక ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. యానాం నుంచి ఇది చదువుతున్న మిత్రులకు ఆ కళాశాల పక్క ఊళ్లోనే ఉంది.

పిన్నిగారూ, అందుకని చెబుతున్నాం. ఆ చీటీ మీద రాసేది వంశానికి మచ్చ కాదు. మన ముందు తరాలవారు ఈ జ్వరంతో పోరాడి బతికిన గుర్తు. ఇది కొండవాళ్ల జబ్బు, మనది కాదు అన్న మాట కూడా చెల్లదు. పశ్చిమ ఒడిశాలో ఇది అన్ని కులాల్లోనూ ఉంది. ఒకరిలో జన్యువు ఉండి ఇంకొకరిలో లేకపోతే పుట్టే పిల్లలకు సికిల్ జబ్బు రాదు. ఇద్దరిలోనూ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకే. తెలియకుండా అలాంటి ఇద్దరికి ముడిపెట్టి, తర్వాత పసిబిడ్డ కీళ్ల నొప్పులతో రాత్రంతా ఏడుస్తుంటే దిష్టి తీసే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. జాతకం చూసినట్టే రక్తమూ చూసుకుంటే సంబంధం చెడదు, కుదిరిన సంబంధం చల్లగా ఉంటుంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నది కూడా అందుకే. చీటీ ఎవరిది వారికే ఇవ్వాలి. సంఘం పుస్తకంలో ఎవరి పేరూ రాయకూడదు. ఆ మాట మేం ముందే ఇస్తున్నాం.

పరీక్షల వల్ల ఏమొరుగుతుందో మన రాష్ట్రమే చూపించింది. 2017లో ఒడిశా ప్రభుత్వం దుర్గమ ప్రాంతాల ఊళ్లల్లో, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్షలు చేసి, పురుగు ఉన్నవారికి మందులిచ్చి, దోమతెరలు పంచింది. 2016లో 4 లక్షల 40 వేలు దాటిన మలేరియా కేసులు 2019కి 40 వేల లోపుకు వచ్చాయి. ఆ తర్వాత మళ్లీ పెరిగిన ఏళ్లూ ఉన్నాయి. వదిలేస్తే తిరిగొచ్చే జ్వరం ఇది.

ఒక్క నిమిషంలోపు జరిగిపోయే దొంగతనాన్ని కళ్లారా చూడటానికి లోకానికి లావెరాన్ నుంచి 95 ఏళ్లు పట్టింది. మన చేతిలో ఇవాళ వేలి మీద ఒక చుక్క రక్తంతో పావుగంటలో జవాబు చెప్పే పరీక్ష ఉంది. మన తాతలు పోగొట్టుకున్న పిల్లలకు అది దొరకలేదు.

వచ్చే సమావేశంలో శిబిరం తీర్మానం మళ్లీ పెడుతున్నాం. మావయ్యగారూ, పిన్నిగారూ, మొదటి రెండు చీటీలు మీవే కావాలని మా కోరిక. మేం కార్యవర్గం వాళ్లం మీ వెనక వరుసలో నిలబడతాం. మీ ఇళ్లల్లో మన్యపు జ్వరం నాటి జ్ఞాపకాలుంటే, పెద్దలు చెప్పినవి చెప్పినట్టు రాసి పంపండి. అవన్నీ ఒకచోట చేర్చి దాచుకుందాం.